తారుకు తలంటు

టూవీలర్ల మీద తిరిగే ప్రజలకు శుభవార్త. రోడ్లు ఎందుకు చెడిపోతున్నాయో తెలిసిపోయింది. తారులో జిడ్డు తగ్గుతోందట. ఎండకీ గాలికీ అందులోని నూనె లాంటి తేలిక పదార్థాలు తరిగి, ఆక్సిజన్ పట్టి, తారు బిగుసుకుపోయి పెళుసెక్కి పగుళ్లిస్తుందట. సోయా నూనో, వాడేసిన వంటనూనో తగు మోతాదులో కలిపితే మళ్లీ మెత్తబడి పడుచుదనం వస్తుందట.

నవ్వకండి, ఇందులో అబద్ధం లేదు. అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు సోయా నూనెతో పాలిమర్ చేసి తారులో కలిపి, 2018లో అలబామా పరీక్షా ట్రాక్ మీద రోడ్డు వేశారు. బరువు లారీలను దాని చుట్టూ తిప్పి తిప్పి చూశారు. మన దగ్గరా 2024 డిసెంబరులో నాగపూర్-మన్సర్ బైపాస్ మీద, పంట వ్యర్థాల్లోని జిగురు లాంటి లిగ్నిన్ అనే పదార్థం కలిపిన బయో తారుతో ఒక కిలోమీటరు వేశారు. నూనె కాదు గానీ దాని చుట్టమే. అదే 44వ నంబరు హైవే కిందికి దిగి ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు మీదుగా అనంతపురం దాకా వస్తుంది. ఆ కిలోమీటరు కూడా ఏదో ఒకనాటికి మన దాకా దిగకపోదు.

శాస్త్రవేత్తలకు నమస్కారం. వాళ్లు ముసలితనానికి మందు కనిపెట్టారు. అయ్యా, మా వీధి తారుకు ముసలితనం వచ్చేదాకా బతికే యోగం ఎక్కడిది?

మా వీధిలో రోడ్డు ఒక రాత్రి వేశారు. కింద దుమ్ము ఊడవలేదు, పొరలు పట్టుకోవడానికి చల్లాల్సిన ట్యాక్ కోట్ చల్లలేదు. తెల్లారేసరికి నల్లగా నిగనిగలాడింది. మొదటి వాన పడ్డాక పిల్లలు అంచు పట్టుకుని లాగితే పొర మొత్తం అట్టులా లేచి వచ్చింది. అట్టు పెనానికి అంటుకోకూడదని మనం నూనె రాస్తాం. మావాళ్ల రోడ్డు నూనె లేకుండానే అంటుకోదు. ఇక దానికి నూనె కూడా పోస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

నేను ఊహించుకున్నాను. పథకం పేరు ‘తారు తైలాభ్యంగనం’. ఒక సాయంత్రం రోడ్లు చూసే అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారు, థర్మామీటరు, పని కొలతలు రాసే ఎం-బుక్కు పట్టుకుని మా సెంటర్లో మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి వస్తారు. మళ్లీ మళ్లీ కాచితే పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 నుంచి రూలుంది కాబట్టి, అలాంటి నూనె దొరికే చోటు అదే.

“బాబాయ్, ఈ నూనె ఎన్నాళ్లది?”

“బండి పెట్టిన నాటిది సార్. తగ్గినప్పుడల్లా పైన పోస్తుంటాను.”

ఏఈ గారి కళ్లు చెమర్చుతాయి. “ఇలాంటి దాని కోసమే జిల్లా అంతా తిరుగుతున్నాను.”

“దేనికి సార్?”

“రోడ్డుకి.”

“అయితే ఇవ్వను సార్. నా నూనె ఒకసారి పోస్తే వందసార్లు పనికొచ్చింది. మీ రోడ్డు ఒక్కసారైనా పనికొచ్చిందా?”

అయినా టెండరు ఆగదు. కాగితం మీద పది డబ్బాలు. రెండు తారులోకి, మూడు దారిలో మాయం, మిగిలిన ఐదూ చవగ్గా మళ్లీ బజ్జీల బండికే. క్వాలిటీ కంట్రోల్ వారు రెండు ప్లేట్లు తిని ‘సంతృప్తికరం’ అని రాస్తారు. తర్వాత కాంట్రాక్టరుకు తారు కన్నా పాత నూనే చవకని తెలుస్తుంది. మోతాదు మించితే తారు మెత్తబడి, ఎండల్లో లారీ చక్రాల కింద గాడులు పడుతుంది. రామగుండం ఎండకు ఆ రోడ్డు మీద ఆవాలు వేస్తే చిటపటలాడతాయి. మరో సంగతి: దేశానికి కావలసిన తారులో దాదాపు సగం బయటి నుంచే వస్తోంది, వంటనూనె సగానికి పైగా బయటిదే. దిగుమతి తారులో దిగుమతి నూనె కలిపి స్వదేశీ గుంతలు తయారుచేయవచ్చు.

ఇక నవ్వు రావడం లేదు. వంద కిలోల రోడ్డు మిశ్రమంలో తారు ఉండేది ఐదు కిలోల చొప్పున. కంకరను పట్టి ఉంచేది ఆ ఐదు కిలోలే. దాంట్లోంచి కూడా నొక్కేస్తున్నారు. తారుకు అసలు శత్రువు నీళ్లని తెలిసీ పక్కన కాలువ తవ్వరు. నిలిచిన నీరు కంకర నుంచి తారును వలిచేస్తుంది, రాయి లేస్తుంది, గుంత పడుతుంది, గుంతలో నీళ్లు నిండితే లోతు తెలియదు. 2022లో గుంతల వల్ల దేశంలో 1,856 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే రాసుకుంది. రాసుకుని ఏం చేసింది? పడ్డవాడు హెల్మెట్ పెట్టుకున్నాడా, తాగాడా, స్పీడుగా వెళ్లాడా అని అందరూ అడుగుతారు. ఆ రోడ్డు బాగుందని ఎం-బుక్కులో సంతకం పెట్టి బిల్లు పాస్ చేసింది ఎవడని ఒక్కడూ అడగడు! మనిషి పోయిన గుంతలో మర్నాడు తట్టెడు మట్టి పోసి వెళ్లేవాళ్లకు సోయా నూనె కావాలా? సిగ్గు కావాలి. అది ఏ గింజ పిండినా రాదు.

సరే, నూనె వచ్చేలోగా ఒక చిన్న పని. తారు వేసేముందు కింద దుమ్ము ఊడవండి. చీపురుకి టెండరు పిలవక్కర్లేదు, మా ఇంట్లోది ఇస్తాను. ఎం-బుక్కులో కొత్తదని రాసుకున్నా ఏమీ అనుకోను.