చెమట పడితే చెప్పే చొక్కా

మన ఇంజనీరింగ్ పిల్లల మీద ప్రకృతి కక్ష కట్టిందని నాకు ఎప్పటినుంచో అనుమానం. మొన్న రుజువు కూడా దొరికింది.

విజయవాడ పటమటలో ఉండే మా మేనల్లుడు కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒంటిమీద వేసుకునే కంప్యూటర్ చేస్తున్నాడు. అంటే చొక్కాయే. చెమట పట్టగానే కాలరు దగ్గర లైట్లు వెలిగి ఆ సంగతి మనకు తెలియజేస్తాయి. మే నెలలో తమకు చెమట పడుతోందో లేదో తెలియక బెజవాడ జనం ఎంత అయోమయంలో ఉన్నారో ఇన్నాళ్లూ ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

కోడు మూడు రోజుల్లో అయిపోయింది. గొడవంతా కరెంటుతోనే వచ్చింది. కోడు నేర్చుకునేవాళ్లు రాసే మొట్టమొదటి బుల్లి ప్రోగ్రాం పేరు 'హలో వరల్డ్'. హార్డ్‌వేర్‌లో 'హలో వరల్డ్' అంటే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించడం. దానికి రెండు కాళ్లు. పొడుగు కాలు ప్లస్‌కి. మావాడు కాళ్లు సరిగ్గానే కలిపాడు గానీ, మధ్యలో కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్ లేకుండా 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించాడు. అది ఒక్క క్షణం దివ్యంగా వెలిగి కన్నుమూసింది.

"ఎర్రర్ మెసేజ్ ఏమీ రాలేదు మామయ్యా!" అన్నాడు, మోసపోయినవాడిలా.

"వాసన వచ్చిందిగా" అన్నాను.

ఎంత వోల్టేజికి ఎంత కరెంటు పారుతుందో చెప్పే ఓమ్ సూత్రాన్ని ఇంటర్లోనే కంఠస్థం చేసి, పరీక్షలో రాసేసి, మర్యాదగా మర్చిపోయిన పిల్లాడిని ఇప్పుడు మళ్లీ అదే పాటించమనడం ఏం న్యాయం? చేసిన తప్పును వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ లేని శాస్త్రాన్ని అసలు సిలబస్‌లో ఎలా పెట్టారు?

సోల్డరింగ్, అంటే లెడ్ కరిగించి వైర్లు అతికించడం, నేర్చుకోవడానికి ఏలూరు రోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడి దగ్గరికి వెళ్లారు. అతను టెన్త్‌తో ఆపేశాడు. "ముందు వైరు వేడెక్కాలి అన్నా, అప్పుడు లెడ్ దానంతటదే పాకుద్ది" అన్నాడు. తొమ్మిది పాయింట్ల పైన గ్రేడున్న నలుగురూ ఆ ఒక్క వాక్యాన్ని నాలుగు ల్యాప్‌టాప్‌లలో రాసుకున్నారు.

తర్వాత స్టీలు దారం. కరెంటు పారే ఆ దారంతో బట్టమీదే సర్క్యూట్ కుట్టేయొచ్చు. అలా కుట్టడానికే పనికొచ్చే లిలీప్యాడ్ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు 2007లోనే వచ్చింది. కుట్టడం మావాళ్ల సిలబస్‌లో లేదు కాబట్టి టైలర్ గారికి అప్పగించారు. ఆయన దారాన్ని వేలికి చుట్టి చూసి, "అంతా బానే ఉంది బాబూ, ఉతికితే?" అని అడిగారు. ఆ ప్రశ్న ప్రాజెక్ట్ రిపోర్టులో ఎక్కడా లేదు.

చెమట వివరాలు వైఫైలో క్లౌడ్‌కి కూడా పంపాలట. బొత్తాం బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేక చేతులెత్తేసింది. దాంతో పవర్ బ్యాంకు తగిలించారు. చొక్కా ఒకవైపుకి జారింది.

మధ్యాహ్నం రెండింటికి బెంజ్ సర్కిల్ దగ్గర ట్రయల్. పది నిమిషాల్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి, బోర్డు ఆగిపోయింది. దారం మీద ప్లాస్టిక్ తొడుగు లేదు. చెమటేమో ఉప్పునీళ్లు. కరెంటుకి ఎటు కావాలంటే అటు దారి దొరికింది. చెమటను కనిపెట్టే యంత్రం సరిగ్గా చెమటకే చచ్చిపోయింది.

ఓదారుద్దామని పాత కథ చెప్పాను. 1961లో సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్, లెక్కల మేష్టారు ఎడ్వర్డ్ థార్ప్ కలిసి రూలెట్ అనే జూదంలో బంతి ఎటు ఆగుతుందో లెక్కగట్టే కంప్యూటర్ని ఒంటిమీద దాచుకుని లాస్ వేగాస్ వెళ్లారు. చెవిలోకి వెళ్లే సన్నటి వైర్లు మాటిమాటికీ తెగిపోయాయి. అంతటి షానన్‌కే వైర్ల గొడవ తప్పలేదురా అన్నాను.

"వాళ్లకి ఇంటర్నల్స్ ఎన్ని వేశారు?" అన్నాడు.

ఫైనల్ డెమో ఏసీ సెమినార్ హాల్లో జరిగింది. ఒక్క లైటూ వెలగలేదు. ఎవరికీ చెమట లేదని చొక్కా కచ్చితంగా చెబుతోందని నలుగురూ వివరించారు. సార్లు తల ఊపి పూర్తి మార్కులు వేశారు. పవర్ బ్యాంకు మాత్రం పటమటలో, మా అక్కయ్య వంటింట్లో, చార్జింగ్‌లో ఉంది.