లాక్‌డౌన్‌కు ముందురోజు

2020 ఏప్రిల్ 24, శుక్రవారం. 26 ఉదయం ఆరు నుంచి 29 రాత్రి తొమ్మిది దాకా చెన్నైలో సంపూర్ణ లాక్‌డౌన్ అని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సరుకులు కొనుక్కోవడానికి జనానికి మిగిలింది శనివారం ఒక్కటే. ఆ రోజు నగరానికి కూరగాయలు, పళ్లు, పూలు అందించే కోయంబేడు టోకు మార్కెట్లో కాలు పెట్టే చోటు లేదు. ఒంటిగంటకు మూయాల్సిన దుకాణాలకు మూడింటి దాకా గడువు పెంచాల్సి వచ్చింది. ఇళ్లలో ఉండమని ఇచ్చిన ఉత్తర్వే జనాన్ని ఒకచోట పోగేసింది. అక్కడ కరోనా కేసులు బయటపడ్డాక మే 5న మార్కెట్‌కే తాళం పడింది. అప్పటికే వైరస్ ఊళ్లకు వెళ్లిన కూలీలతో కడలూరు, విల్లుపురం జిల్లాలకు, సరుకు దింపి తిరిగొచ్చిన లారీలతో మన చిత్తూరు, నెల్లూరులకు పాకింది.

లాక్‌డౌన్ అవసరమా కాదా అన్న వాదన ఇప్పుడు అనవసరం. మూసే పద్ధతి మాత్రం నేర్చుకోవలసిందే. టోకు, చిల్లర బేరాలు ఒకే సందులో సాగే చోట ముందు చిల్లర ఆపాలి. వీధి బళ్లకు వార్డుల్లోనే సరుకు అందే ఏర్పాటు చేశాకే ప్రకటన ఇవ్వాలి. కూరగాయలను నగర శివార్లలోని తిరుమళిశైకి, పూలను మాధవరం బస్టాండుకు తరలించడం మంచి నిర్ణయమే, కానీ మార్కెట్‌కు వైరస్ అంటుకున్నాక తీసుకున్నది. పైగా వానకు తిరుమళిశై బురదగుంట అయింది. ప్రత్యామ్నాయ స్థలమంటే ఖాళీ మైదానం కాదు. నీరు పోయే దారి, పైకప్పు, దీపాలు, మరుగుదొడ్లు, లారీ మళ్లేంత చోటు ముందే ఉండాలి.

హమాలీకి కూలి మూటల లెక్కన. పద్నాలుగు రోజులు క్వారంటైన్ అంటే పద్నాలుగు రోజుల పస్తు. అందుకే జ్వరం వచ్చినా మాత్ర మింగి మూట ఎత్తుతాడు. అతణ్ని నిర్లక్ష్యపరుడని తిట్టడం తేలిక. పరీక్షకు వచ్చిన రోజే కూలి డబ్బులు చేతిలో పెడితే దాచే అవసరమే ఉండదు.

మదనపల్లె టమాటా లారీ గేటు దాటేటప్పుడు బండి నంబరు, డ్రైవరు, క్లీనర్ల ఫోన్లు, బయల్దేరిన ఊరు రాసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ జాబితా ఆ రాత్రే ఆంధ్ర అధికారులకు చేరితే, మనిషి ఇల్లు చేరేసరికే పరీక్షకు పిలవొచ్చు. వారం గడిచాక ఊరూరా వెతకడం వృథా ప్రయాస.

ఇక తిండి. తమిళనాడు 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు'లో చేరింది 2020 అక్టోబరు 1న. అంటే ఆ వేసవిలో ఆంధ్ర కార్డున్న కూలీకి చెన్నై రేషన్ దుకాణంలో గింజ పుట్టలేదు, కార్డుదారులకిచ్చిన వెయ్యి రూపాయలూ దక్కలేదు. కార్డు అడగకుండా కడుపు నింపినవి ప్రభుత్వం నడిపే చవక భోజనశాలలు, అమ్మ క్యాంటీన్లు. ఇప్పుడు కార్డు ఎక్కడైనా చెల్లుతుంది, ఇంటివాళ్లు ఊళ్లో కొంత, కూలీ చెన్నైలో కొంత తీసుకోవచ్చు. అయితే మూటలు మోసి అరిగిన వేళ్లకు యంత్రంలో ఒక్కోసారి ముద్ర పడదు. అప్పుడు ఓటీపీతో ఇవ్వాలి. బయటి కార్డులకు సరిపడా బియ్యమూ దుకాణంలో ఉండాలి.

వీటిలో ఏదీ కొత్త చట్టం కోరేది కాదు. చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సీఎండీఏ) ఆధ్వర్యంలోని మార్కెట్ నిర్వహణ కమిటీ, చెన్నై కార్పొరేషన్, పౌర సరఫరాల శాఖ కలిసి కూర్చుని ప్రణాళిక రాయాలి. తమిళంలోనూ తెలుగులోనూ అచ్చువేసి మార్కెట్ గేట్ల దగ్గర అంటించాలి. ఏడాదికోసారి ఒక ఆదివారం నిజంగానే చిల్లర ఆపి, సగం లారీలను మళ్లించి చూడాలి.