లప్పం పెట్టి వార్నీష్ కొడితే పుచ్చిన కొయ్య బతుకుతుందా?

మొన్న ఆదివారం షాపుకు ఒకాయన వచ్చాడు. మిర్యాలగూడ రోడ్డులో పాత ఇల్లు, వాళ్ల నాయిన కట్టించింది. బిడ్డ పెండ్లి దగ్గర పడిందని రంగులు వేయిస్తున్నారు. ముందు దర్వాజ కింద కొంచెం పాడైంది, లప్పం పెట్టి పాలిష్ కొట్టి ఇవ్వమన్నాడు. పోయి చూశాను. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే గడప నుంచి జానెడు ఎత్తు దాకా మాగిన సీతాఫలంలోకి దిగినట్టు దిగింది. గడప, కుడిపక్క కాలు రెండూ మార్చాలని చెప్పాను.

"గింత బొక్కకు గంత పనా అన్నా? దుబాయ్ పోయొచ్చినవని దుబాయ్ రేట్లు చెప్తున్నవ్" అన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర పదిమందికి చెప్పాడట, పెండ్లి ఇంటిని దోచుకుంటున్నానని. ఆ పదిమందిలో ముగ్గురు నా ఫ్రెండ్ లిస్టులోనే ఉన్నారు. అందుకే ఈ పోస్టు. పొడుగు ఎక్కువైతది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

దుబాయ్ మాట ఆయనే తీశాడు కాబట్టి ఆ సంగతే చెప్తాను. గల్ఫ్‌లో తొమ్మిదేళ్లున్నాను కానీ బిల్డింగుల పని కాదు నాది. పడవలు రిపేరు చేసే యార్డులో వడ్రంగిని. దేవరకొండ దిక్కు పుట్టినోనికి పడవల పనేంది అని నవ్వకండి. మొదటి నెల నేను కూడా నవ్వుకున్నాను. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే సాగర్. పడవ అంటే నాగార్జునకొండకు పోయే లాంచీ, లేకపోతే కృష్ణలో చేపలు పట్టే పుట్టి. పుట్టి గుండ్రంగా తట్ట లెక్క ఉంటుంది, దానికి ముందు ఏదో వెనక ఏదో కూడా తెలియదు. అలాంటిది, ముక్కు ముందు ఇంకో ముక్కు ఉన్న పడవ మీద పని చెయ్యమన్నారు.

ఆ ముక్కునే బోస్‌ప్రిట్ అంటారు. పాత తెరచాప పడవల ముందు భాగం నుంచి సముద్రం మీదికి పొడుచుకొచ్చే దుంగ. ఎడ్ల బండికి నొగ ఎట్లనో అట్ల అనుకోండి. చూసేవాళ్లు అందం కోసం పెట్టారనుకుంటారు. నిజానికి నడుమ నిలబడే తెరచాప స్తంభం వెనక్కి పడకుండా ముందు నుంచి లాగి పట్టే తీగ దాని కొసకే కట్టి ఉంటుంది. ఆ లాగుడుకు కొస పైకి లేవకుండా కింద గొలుసో కమ్మీయో పడవ గడ్డానికి బిగిస్తారు. శామియానా గుంజకు ముందు తాడు కట్టిన మేకు ఊడిపోతే ఏమైతది? గుంజ వెనక్కి పడి, కింద బంతిలో కూర్చున్నోళ్ల విస్తళ్లలోకి వస్తుంది. ఇక్కడా అంతే. కాకపోతే సముద్రం నడిమిట్ల, గాలిలో.

అది 1970లలో తైవాన్‌లో కట్టిన పడవ, 38 అడుగులది. ఓనరు ఒక బ్రిటిష్ ముసలాయన. దాని బోస్‌ప్రిట్ అద్దం లెక్క మెరుస్తోంది. ఏటేటా వార్నీష్ కొట్టిస్తాడట, దాని మీద మొఖం చూసుకోవచ్చు. మా మేస్త్రీది కేరళలోని బేపూర్, ఉరు అనే పెద్ద కొయ్య ఓడలు కట్టే ఊరు. ఆయన ఆ మెరుపును చూడనే లేదు. సుత్తె పిడితో కొస నుంచి మొదటికి టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చాడు. కొసన ఖణేల్‌మంది. పడవ ముక్కు దగ్గర ఇనుప పట్టీ వేసి బిగించిన చోటికి వచ్చేసరికి పుచ్చిన సొరకాయను కొట్టినట్టు బొదబొద. నన్ను పిలిచి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి పట్టీ అంచు కింద నొక్కమన్నాడు. పిడి దాకా పోయింది.

పట్టీ విప్పితే లోపల నుంచి నల్లటి నీళ్లు కారాయి. అక్కడి స్టెయిన్‌లెస్ బోల్టు బయటికి తీస్తే పైన తల మెరుస్తోంది, నడుము మాత్రం తొలిచేసి పెన్సిలంత అయింది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు అనేది గాలి తగిలినంతసేపే. దాన్ని కాపాడే పొర ఆక్సిజన్‌తోనే నిలబడుతుంది. గాలి ఆడని తడిలో ఏళ్ల తరబడి ఇరుక్కుంటే గుంటలు పడి తినేస్తుంది. బయటికి కనబడేది తల ఒక్కటే, అదేమో బాగానే ఉంటుంది.

ముసలాయన ఏమన్నాడో చెప్పనా? మిర్యాలగూడ రోడ్డు ఆయన అన్న మాటే, ఇంగ్లీషులో. ఇంత చిన్న మచ్చకు మొత్తం మార్చాలా, అంతకుముందు వేరే చోట రెండుసార్లు లప్పం పెట్టించాను, బాగానే ఉంది కదా అని.

ఆ లప్పమే కొంప ముంచింది. పుచ్చు అంటే చెద కాదు. అది ఒక రకం బూజు, కొయ్యను లోపలి నుంచి తింటుంది. కొయ్యలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగదు. కొయ్య బాగా ఆరితే దాని తినుడు ఆగిపోతుంది. కానీ వాన నీళ్లు బోల్టు బెజ్జంలోంచి లోపలికి పోయి, బయటికి రాకుండా మనమే పైన లప్పం పెట్టి, దాని మీద వార్నీష్ కొడితే దానికి ఏసీ రూము ఇచ్చినట్టు. ఇంకో సంగతి, నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. సముద్రపు పడవ పుచ్చేది ఎక్కువగా వాన నీళ్లకు, ఉప్పు నీళ్లకు కాదు. ఉప్పు ఆ బూజుకు పడదు. పాత కాలంలో ఓడలు కట్టేవాళ్లు పలకల సందుల్లో కావాలనే ఉప్పు నింపేవారు. ఊరగాయ లెక్కనే.

"పుచ్చిన చోట పలుచటి ఎపాక్సీ పోస్తే గట్టిపడదా?" అని అడుగుతారు. ఎపాక్సీ అంటే రెండు మందులు కలిపితే గట్టిపడే జిగురు. పైపైన గట్టిపడుతుంది, గోరు దిగదు. లోపల తడి అట్లనే ఉంటుంది, పోయిన బలం తిరిగి రాదు. కిటికీ మూల అయితే సరే, మనిషి ప్రాణం ఆధారపడే దుంగకు ఆ పని చేసేవాణ్ని నేను మేస్త్రీ అనను. పుచ్చిన మేరకు కోసి అతుకు వేద్దామంటారా? అతుకుకూ చోటు చూడాలి. బోస్‌ప్రిట్ మీద బరువంతా వచ్చి వంగేది సరిగ్గా ఆ పట్టీ దగ్గరే. విరిగే చోట అతుకు పెట్టడం ఏం తెలివి?

ముసలాయన రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నాడు. అయినా ఊరికే ఊడపీకేది కాదు. ముందు స్తంభం తలకాయ నుంచి వచ్చే రెండు తాళ్లు తెచ్చి పడవ ముందు భాగంలో గట్టి చోట బిగించాము, బోస్‌ప్రిట్ పోయినా స్తంభం నిలబడాలి కదా. అప్పుడు తీగలు వదులు చేసి, సీలలు విప్పి, పాతదాన్ని దింపాము. పుచ్చినదాన్ని పారేస్తారనుకున్నాను, మేస్త్రీ అరిచాడు. కొత్తదానికి కొలత అదే. ఏ బెజ్జం ఏ వాలులో ఉందో కాగితం మీద రాసుకుంటే సరిపోదు.

కొత్తది టేకుతో చేద్దామన్నాను. మనకు టేకు అంటే దేవుడు. ఆయన వద్దన్నాడు, ముక్కు మీద బరువు పెరిగితే పడవ అలలోకి తల దూరుస్తుందట. డగ్లస్ ఫర్ అని టేకు కంటే తేలికైన కట్టె, దాని పలకలు మూడు ఎపాక్సీతో అంటించి 6 అంగుళాల చదరం దుంగ తయారు చేశాము. పడవ మీద ఉండే భాగం చదరంగానే వదిలి, బయటికి పోయేది కొసకు సన్నబడుతూ గుండ్రంగా రావాలి.

ఇక్కడే నాకు మా నాయిన గుర్తొచ్చాడు. ఆయన రోకళ్లు చేసేవాడు. తుమ్మ మొద్దును నాలుగు పలకలు చేసి, మూలలు చెక్కి ఎనిమిది చేసి, వాటి మూలలు మళ్లీ తీసి పదహారు, ఆ తర్వాత చిత్రిక పట్టి గుండ్రం. ఎనిమిదికి గీతలు కంటితోనే గీసేవాడు. బేపూర్ మేస్త్రీ దగ్గర దానికో చిన్న కర్ర ఉంది. రెండు కొసలా రెండు మేకులు, నడుమ రెండు పెన్సిళ్లు. మేకుల మధ్య దూరం 24 వంతులైతే పెన్సిళ్లు 7 దగ్గర, 17 దగ్గర. అంటే 7, 10, 7. 6 అంగుళాల చదరానికి అంచు నుంచి 1.75, నడుమ 2.5, మళ్లీ 1.75. రెండు మేకులూ దుంగ రెండు అంచులకు ఆనేలా కర్రను కొంచెం ఏటవాలుగా పట్టి లాక్కుంటూ పోతే, దుంగ సన్నబడే కొద్దీ కర్ర దానంతట అదే తిరిగి గీతలు దగ్గరకొస్తాయి. ఎక్కడా టేపు పెట్టే పనిలేదు. ఆ రాత్రి నాయినకు ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "మరి నీళ్లు ఎటు పోతయిరా?" అని అడిగాడు. జీవితంలో సముద్రం చూడని మనిషి!

మేస్త్రీ మిగతా వారమంతా పని చేసింది ఆ ప్రశ్న మీదే. బోల్టు బెజ్జాలు కావాలనే పెద్దగా కొట్టి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక అందులోనే సరైన సైజు బెజ్జం తోలాడు. బోల్టు వెంబడి నీళ్లొచ్చినా కొయ్యకు తగలవు. కొసనూ మొదలునూ కొయ్య అడ్డంగా తెగిన ముఖాలకు మూడుసార్లు ఎపాక్సీ తాగించాడు, ఎందుకంటే కొయ్య నీళ్లు పీల్చేది అక్కడే, పైపుల కట్ట లెక్క. వార్నీష్ చివరన.

ఇప్పుడు మన దర్వాజకు వస్తాను. దాని కాళ్ల కింద కూడా తెగిన ముఖమే. దాన్ని ఏ పూతా లేకుండానే సిమెంటులో పాతారు. శుక్రవారం శుక్రవారం బిందెడు నీళ్లతో గడప కడుగుతారు, కడగాల్సిందే, నేను కాదనను. ఆ నీళ్లు సందులోకి దిగి అక్కడే కూర్చుంటాయి. టేకు కాబట్టి ఇన్నేళ్లు ఆగింది, ఇప్పుడు వచ్చే మలేషియా కట్టె అయితే ఇంత ఆగేది కాదు. రెండుసార్లు ఎనామిల్ పెయింట్ కొట్టించారట. నేను కాలు మొత్తం మార్చాలన్నది లోపల మేకులు పట్టే బలం లేదని. తలుపు రెక్క బరువు మోసేది ఆ కాలే. పెండ్లి రోజు ఎన్ని సార్లు తెరుస్తారు, ఎంతమంది ఆనుకుంటారు? రేటు ఎక్కువనిపిస్తే ఇంకో ఇద్దరికి చూపించుకోండి, తప్పులేదు. నా కట్టె కాకుండా మీరే తెచ్చుకోండి, కూలి తీసుకుంటాను. కానీ లప్పం పెట్టు అంటే నా చెయ్యి రాదు. పుచ్చు మీద లప్పం పెట్టినోనికి రెండేళ్ల తర్వాత ఫోన్ చేస్తే ఎత్తడు. తిట్లు మాత్రం మొత్తం వడ్లోళ్లకు.

ఆ బోస్‌ప్రిట్ ముక్క ఒకటి నా దగ్గర ఉంది. వచ్చేటప్పుడు బట్టల నడుమ పెట్టి తెచ్చుకున్నాను, మా ఇంట్ల బంగారం అనుకున్నారు. జానెడు ముక్క. ఒక పక్క వార్నీష్ ఇంకా మెరుస్తుంది, తిప్పితే వేలు పెట్టి గీకినా పొడి రాలుతుంది. షాపులో గల్లా పెట్టె మీద పెట్టాను. అన్నా, నువ్వు ఈ పోస్టు చదువుతావని తెలుసు. ఒకసారి వచ్చి చేతిలోకి తీసుకుని చూడు. చాయ్ నేనే తాగిపిస్తా.