వేలికొసన యుద్ధం

భారత్, పాకిస్థాన్ మధ్య సైనిక ఘర్షణ సాగుతున్న 2025 మే 8 రాత్రి కరాచీ ఓడరేవు ధ్వంసమైందనీ, ఇస్లామాబాద్ మన సేనల వశమైందనీ కొన్ని టీవీ చానళ్లు ఊదరగొట్టాయి. తెల్లారేసరికి అవన్నీ ఉత్తవేనని తేలింది. కరాచీ మంటలంటూ ఫోన్లలో తిరిగిన ఒక వీడియో ఆ ఏడాది జనవరి 31న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చిన్న విమానం కూలినప్పటిది. గుజరాత్‌లోని హజీరా పోర్టుపై దాడి అన్నది 2021 నాటి ఆయిల్ ట్యాంకర్ పేలుడు. మన గడ్డపై పాక్ క్షిపణి పడిందంటూ చూపింది 2020 ఆగస్టులో బీరుట్‌ను కుదిపేసిన విస్ఫోటం. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీకి చెందిన ఫ్యాక్ట్‌చెక్ విభాగం ఒక్కొక్కటిగా ఖండిస్తూనే ఉంది. కానీ పుకారును పది మందికి పంపినవారిలో ఎందరు ఆ ఖండననూ పంపారు?

తెలుగునాట ఇళ్లలో ఈ వీడియోలు రేపిన అలజడి తక్కువది కాదు. జలంధర్‌పై డ్రోన్ దాడి పేరిట చక్కర్లు కొట్టిన వీడియో నిజానికి పొలంలో రేగిన మంట. పంజాబ్, కశ్మీర్ విద్యాసంస్థల్లో మన పిల్లలు చదువుకుంటున్నారు. ఢిల్లీలోని తెలంగాణ భవన్, ఏపీ భవన్ ఆ రోజుల్లో కంట్రోల్ రూములు తెరిచి సరిహద్దు రాష్ట్రాల నుంచి వచ్చేవారికి అండగా నిలిచాయి. బిడ్డ ఫోను కలవక తల్లడిల్లుతున్న తల్లికి అలాంటి మంటల వీడియో పంపేది శత్రుదేశపు గూఢచారి కాదు. ‘పిల్లాడు జాగ్రత్త వదినా’ అంటూ అయినవాళ్లే పంపుతారు. చేసేది మేలేననుకుంటారు. ఆమెకు ఆ రాత్రి నిద్ర లేకుండా చేసింది మాత్రం వాళ్లే.

అంతకంటే మమ్మల్ని కలచివేసింది పహల్గాం తర్వాతి తంతు. ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని ఆ పర్యాటక ప్రాంతంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనబెట్టుకున్నారు. వారిలో కొత్తగా పెళ్లయిన నౌకాదళ అధికారి ఒకరు. కశ్మీర్ లోయలో ఒక జంట ఆడిపాడిన రీలును ఆ దంపతుల చివరి వీడియోగా దేశమంతా పంచుకుని కన్నీరు పెట్టుకుంది. అది వేరే జంటది. తాము బతికే ఉన్నామని వాళ్లే బయటికొచ్చి చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక భర్తను కోల్పోయిన ఆ యువతి ముస్లింలపైనా, కశ్మీరీలపైనా ద్వేషం వద్దని, తమకు న్యాయం కావాలని కోరగానే ఆమెపై బూతుల వాన కురిసింది. జాతీయ మహిళా కమిషన్ కల్పించుకుని ఇది తగదని చెప్పాల్సి వచ్చింది. ఫొటోలో మౌనంగా ఉన్నంతవరకే ఆమె మన ఆడపడుచు. నోరు తెరిచేసరికి పరాయిది. కాల్పుల విరమణ తర్వాత విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీనీ, ఆయన కుమార్తెనూ దూషించిందీ ఈ ధోరణే. ఆయన చివరికి తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకున్నారు. క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఆగిపోయినట్టు యుద్ధం ఆగినందుకు ఆగ్రహించినవారికి, సరిహద్దు జిల్లా పూంఛ్‌లో పాక్ ఫిరంగి గుండ్లకు పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లు కనిపించలేదు.

ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాలు నిజం యుద్ధంగా చెలామణి అవుతున్నాయని దాని తయారీదారైన చెక్ సంస్థ బొహీమియా ఇంటరాక్టివ్ 2022లోనే హెచ్చరించింది. మసకబారిన చిత్రం, ఊగిపోయే కెమెరా, చీకటి, శబ్దం లేకపోవడం వంటి గుర్తులనూ చెప్పింది. వాటిని గమనించడానికి నిపుణులే కానక్కర్లేదు, అర నిమిషం ఆగితే చాలు. ఆ అర నిమిషం మనం ఎందుకు ఆగడం లేదన్నదే మా బాధ.

అయితే నేరమంతా జనం నెత్తిన రుద్దడం అన్యాయం. భారత్‌లో 8,000కు పైగా ఖాతాలను నిలిపివేయాలని కేంద్రం ఆదేశించినట్లు ఎక్స్ సంస్థే వెల్లడించింది. నిలిచిపోయినవాటిలో వార్తా సంస్థల ఖాతాలూ ఉన్నాయి. రాత్రంతా అబద్ధాన్ని మోగించిన స్టూడియోలపై మాత్రం ఆ కరుకుదనం కనిపించలేదు. కార్యక్రమాల్లో పౌర రక్షణ సైరన్ల మోత వాడొద్దని, జనం దానికి అలవాటుపడితే అసలు సైరన్ మోగినా పట్టించుకోరని మే 10న ప్రభుత్వం చానళ్లకు చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడికి దిగజారిందో అర్థమవుతుంది. తప్పుడు వార్త వేసిన చానల్ అదే వేళలో, అంతే సేపు సవరణ ప్రసారం చేయాలన్న నిబంధన తేవాలి. అర్ధరాత్రి స్క్రోలింగ్‌లో ఒక ముక్క క్షమాపణతో సరిపెట్టుకునే వీలు ఇవ్వకూడదు. మేం పత్రికగా ఈ నిబంధనకు కట్టుబడడానికి సిద్ధం.