పది వికెట్లు, ఐదు గోల్స్, సింక్ నిండ గిన్నెలు

(నల్లగొండ, రామగిరి. 2021 అక్టోబర్ 24, ఆదివారం, రాత్రి పదకొండు దాటింది. టీవీలో దుబాయ్ టీ20 వరల్డ్ కప్ క్రికెట్, ఇండియా–పాకిస్తాన్; ఫోన్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్, మాంచెస్టర్ యునైటెడ్–లివర్‌పూల్. రెండూ కాస్త అటూ ఇటుగా ముగిశాయి. యాదగిరి టీం యునైటెడ్, స్వరూపది ఇండియా. మొగుడూ పెళ్లాల పందెం ఏమిటంటే, ఎవరి టీం ఓడితే వాళ్లు గిన్నెలు తోమాలి. రెండూ ఓడతాయని ఇద్దరికీ తట్టలేదు. యాదగిరి ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. స్వరూప జెడ్పీ హైస్కూల్ పీఈటీ. మండల టోర్నమెంట్లలో విజిల్ ఆమెదే, ఇంట్లో కూడా.)

యాదగిరి: తీసెయ్యాలె. తెల్లారి ఆఫీసులు తెరవకముందే తీసెయ్యాలె.

స్వరూప: ఏంది, కుక్కర్ మూతనా?

యాదగిరి: ఓలేను! ఆ మేనేజర్‌ను! ఓల్డ్ ట్రాఫర్డ్‌ల, సొంతింట్ల, లివర్‌పూల్ చేతుల 0–5. పాత మేనేజర్ ఫెర్గూసన్ ముసలాయన పైన కూసోని సూస్తుండు. ఇజ్జత్ ఉన్న మనిషైతే బస్సెక్కకముందే రాజీనామా రాసిస్తడు.

స్వరూప: ఆయన రాజీనామా ఆయన రాసుకుంటడు. నువ్వు సింక్ కాడికి పో.

యాదగిరి: నేనెందుకు పోవాలె? మీ ఇండియా గెలిచిందా? 10 వికెట్లతోటి ఓడింది! బాబర్, రిజ్వాన్ ఇద్దరే దిగిండ్రు, ఇద్దరే కొట్టిండ్రు, ఇద్దరే ఇంటికి పోయిండ్రు.

స్వరూప: "మీ ఇండియా" ఏందయ్యా? నీ ఆధార్ కార్డు మాంచెస్టర్ల ఇచ్చిండ్రా?

యాదగిరి: పందెం కాడ దేశభక్తి తేవద్దు. పెద్ద ఓటమి ఎవరిది, అది తేల్చు.

స్వరూప: తేలుస్త, రా. మనోళ్లు 20 ఓవర్లల్ల 151. వాళ్లు 17.5 ఓవర్లల్ల 152. నెట్ రన్‌రేట్ మైనస్ 0.973. ఒకటి గూడ నిండలే. నీ టీం గోల్ తేడా ఒక్క రాత్రిల మైనస్ 5. ఏది పెద్దది?

యాదగిరి: రన్‌రేట్‌కు గోల్స్‌కు సాపత్యమా? లీగుల 38 ఆటలుంటయ్. ఐదు గోల్స్ ఏడనో ఒక కాడ పూడుతయ్.

స్వరూప: ఆహా. 2011 అక్టోబర్ 23 యాదికుందా? నిన్నటికి పదేండ్లు నిండినయ్.

యాదగిరి: స్వరూపా, వద్దు.

స్వరూప: అదే ఓల్డ్ ట్రాఫర్డ్. మాంచెస్టర్ సిటీ మీ మీద 6–1. మీ ఎవాన్స్‌కు రెడ్ కార్డు. పదిమందితోని ఆడుకుంట ఆడుకుంట 3–1 జేసిండ్రు. ఆడికి చాలు అనుకోని గోల్ కాడ నిలబడకుండ, ఇంకొకటి కొడ్తమని అందరు ముంగటికి ఉరికిండ్రు. ఆఖరుకు వచ్చేసరికి మూడు తిన్నరు. సీజన్ అయిపోయినంక ఇద్దరికీ 89 పాయింట్లే. గోల్ తేడా సిటీది ప్లస్ 64, మీది ప్లస్ 56. ఆ 8తోనే లీగు వాళ్లకు పాయె. ఆ ఒక్క ఆటల వాళ్లకు ఐదు ఎక్కె, మీకు ఐదు దిగె. మొత్తం 10. ఏడనో పూడుతయంట!

యాదగిరి: సరేనమ్మా. అప్పుడు మేనేజర్ ఫెర్గూసనే గదా. ఆయన్ను తియ్యలే.

స్వరూప: 1989ల గూడ తియ్యలే. సెప్టెంబర్ల సిటీ 5–1 కొట్టింది. వచ్చి మూడేండ్లు గావస్తుండె, ఒక్క కప్పు లేదు. డిసెంబర్ల జనం పొమ్మని బ్యానర్ పట్టిండ్రు. క్లబ్బోళ్లు ఓపిక పట్టిండ్రు. 1990ల ఎఫ్‌ఏ కప్పు, తర్వాత 13 లీగులు.

యాదగిరి: ఈ పాట వినే ఓలేను మోసినం! ఓపిక పట్టాలె, ఫెర్గూసన్‌కు గూడ టైం పట్టింది అని. 2018 డిసెంబర్ల వచ్చిండు. ఇగ మూడేండ్లే. కప్పేదీ? మొన్న మే నెలల గ్డాన్స్క్‌ల యూరోపా ఫైనల్, విల్లారియల్ మీద. 1–1 మీద ఆట ఈడుస్తుంది, మనోళ్ల కాళ్లు లేస్తలేవు. ఈయన బదులు ఆటగాన్ని, మొదటి సబ్‌ను, ఎప్పుడు దింపిండో తెలుసా? 100వ నిమిషంల!

స్వరూప: అది మాత్రం నిజం.

యాదగిరి: పెనాల్టీలు 11–10. డి హేయా ఒక్కటి ఆపలే, తన వంతుది తను కొట్టలే. గోల్‌కీపర్‌తోని పెనాల్టీ కొట్టించే దాక ఆట ఎందుకు పోవాలె అంట నేను!

స్వరూప: ఇంత గరం మీద ఉన్నవు గదా. ఇయ్యాల మొదటి గోల్ ఎందుకు పడ్డదో చెప్పు.

యాదగిరి: ఎందుకంటే... లక్కు లేదు. అంతకుముందే బ్రూనోకు దొరికింది, పైనుంచి కొట్టిండు. అది పడి ఉంటే కథే వేరు.

స్వరూప: లక్కు! దా ఇటు. ఆ గిన్నెలు పట్టుకరా, కింద పెట్టు. కడగకు, ఊకె పెట్టు.

(చాప మీద ఎంగిలి గిన్నెలు పరిచారు.)

స్వరూప: ఇవి నాలుగు ప్లేట్లు. వాన్ బిస్సాకా, లిండెలాఫ్, మెగ్వైర్, షా. వీటి ముంగట రెండు గ్లాసులు, మెక్‌టొమినే, ఫ్రెడ్. గంటె బ్రూనో. ఈ రెండు చెంచాలు రెండు పక్కల వింగర్లు. కొసాకు కుక్కర్.

యాదగిరి: కుక్కర్ ఎవరు?

స్వరూప: రొనాల్డో. 36 ఏండ్లు. విజిల్ ఇంకా మంచిగనే ఏస్తది, కానీ ఉన్న కాడికెళ్లి కదలదు.

యాదగిరి: మాట జాగ్రత్త!

స్వరూప: తప్పని అంటలే, వయసు. కానీ కుక్కర్ కదలదని తెలిసినంక ప్రెస్ ఎట్ల జెయ్యాలో మేనేజర్ ముందే అనుకోవాలె. ప్రెస్ అంటే బాల్ గుంజుకునేతందుకు అవతలోళ్ల మీదికి ఉరుకుడు, కానీ ముంగటోడు ఒక్కడే ఉరుకుడు గాదు. వాడు ఉరికితే గ్లాసులు ఎక్కాలె, గ్లాసులు ఎక్కితే ప్లేట్లు ఎక్కాలె. ముంగటోనికి, వెనుకటోనికి నడుమ 30 గజాలు మించొద్దు. లేదంటే ఎవరూ ఎక్కొద్దు, అందరు కిందనే గుంపుగ నిలబడాలె. రెండిట్ల ఏదైనా నడుస్తది. సగం మంది ఎక్కి సగం మంది ఆగితే మాత్రం నడవది. సూడు, గంటె ఉరికింది. చెంచా ఒకటి ఉరికింది, ఇంకొకటి ఆలోచిస్తుంది. ఒక గ్లాసు ఎక్కింది. ప్లేట్లు భయపడి వెనుకకే ఉన్నయ్. ఈ నడుమల ఎంత జాగ ఉందో సూడు.

యాదగిరి: ఎన్జీ కాలేజ్ గ్రౌండంత ఉంది.

స్వరూప: ఆ జాగలకు లివర్‌పూల్ ఫిర్మినో దిగుతడు. పేరుకు సెంటర్ ఫార్వర్డ్, నిలబడేది మిడ్‌ఫీల్డ్‌ల. మెగ్వైర్ ఆయన ఎంట పోతే వెనుక బొక్క పడ్తది. పోకపోతే ఆయనకు తిరిగి చూసే టైం దొరుకుతది. ఆడ ఇద్దరు గ్లాసులు, వాళ్లు ముగ్గురు. ఎవడో ఒకడు ఖాళీగ మిగులుతడు. ఇయ్యాల కేటా మిగిలిండు. సలా బాల్ ఇచ్చిండు, 5వ నిమిషంల కేటా ఒక్కడే డి హేయా ముంగటికి పోయిండు. దీంట్ల లక్కు ఏ గిన్నెల ఉందో నువ్వు సూపియ్యి.

యాదగిరి: (కాసేపు గిన్నెలు చూసి) రెండోది?

స్వరూప: 13వ నిమిషం. గీ ప్లేటు, గీ ప్లేటు ఒక్క బాల్‌కే ఉరికినయ్. షా, మెగ్వైర్. (రెండు ప్లేట్లు ఠంగుమని తాకించింది.) నాది అని ఒకరూ అరవలే. మా ఎనిమిదో తరగతి పిల్లలకు మొదటి వారం నేర్పేది అదే, బాల్‌కు పోతే పేరు పెట్టి అరువు అని. బాల్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్‌కు పాయె, క్రాస్ వేసె, జోటా కాలు పెట్టె.

యాదగిరి: మెల్లగ, పైపోర్షనోళ్లు లేస్తరు! అయితే నేనన్నదే గదా. తప్పు ఓలేదే.

స్వరూప: ఓలేది గాదని నేనెప్పుడన్న? నేర్పుడు ఆయన పని. పోయిన శనివారం లెస్టర్ నాలుగు కొట్టింది. బుధవారం అట్లాంటా సగం ఆటకే రెండు కొట్టింది. అది 3–2 చేసి గెలిచినమని నువ్వు స్వీటు తెచ్చినవ్. రోగం అప్పటికే ఉంది. లక్కు బాలేదు, మొఖం బాలేదు అని తియ్యకు, ఇది నేర్పలేదని తియ్యి. లేకపోతే వచ్చేటోనికి గూడ ఏం సరిచెయ్యాలో తెల్వది.

యాదగిరి: ఇప్పుడు నీ రహీం సాబ్ వస్తడు, నాకెరుక.

స్వరూప: రాకేం జేస్తడు! హైదరాబాదాయన గాబట్టి చెప్తలే. 1952 హెల్సింకి ఒలింపిక్స్, ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. యుగోస్లావియా చేతుల 1–10. నీ ఐదుకు డబుల్! పీకేసిండ్రా? లేదు. ఏమాయెనని సూసిండ్రు. అంత చలిదేశంల మనోళ్లు చానమంది ఉత్తకాళ్లతోని ఆడిండ్రు. దాని తర్వాత ఫెడరేషన్ బూట్లు వేసుకునుడు తప్పనిసరి జేసింది. అదే రహీం 1956 మెల్బోర్న్‌ల సెమీఫైనల్ దాక తీసుకపోయిండు, నాలుగో స్థానం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల దక్షిణ కొరియాను 2–1 కొట్టి బంగారం.

యాదగిరి: బాగుంది. కానీ ఓలే దగ్గర బూట్లు ఉన్నయ్ గదనే! ఒక్కొక్కనికి ఇరవై జతలుంటయ్. ఇంకేం ఇప్పియ్యాలె?

స్వరూప: (నవ్వు ఆపుకుంటూ) ...అది మాత్రం పాయింటే.

యాదగిరి: రాసుకో, ఇయ్యాల నేనొక పాయింటు గెలిచిన. ఇగ విను. కోచ్ కాంటే ఖాళీగ ఉన్నడు. మే నెలల ఇంటర్‌కు ఇటలీ లీగు గెలిపించి బయటికొచ్చిండు. రేపే ఫోన్ జెయ్యాలె.

స్వరూప: కాంటే వెనుక ముగ్గురిని పెడ్తడు. రెండు పక్కల వింగ్‌బ్యాక్‌లు కావాలె. గీత దాక ఉరకాలె, క్రాస్ ఎయ్యాలె, మళ్ల అంతే ఉరుకుడు వెనుకకు రావాలె. వాన్ బిస్సాకా కాలు సాపి బాల్ గుంజుకుంటడు, అండ్ల తక్కువోడు గాదు. గుంజుకున్న బాల్ ఏం జెయ్యాలో ఎవరు చెప్పాలె?

యాదగిరి: కొత్తోన్ని కొంటరు.

స్వరూప: ఏ పైసలతోని? ఓలేకు జూలైలనే 2024 దాక కాంట్రాక్టు రాసిచ్చిండ్రు. పొమ్మంటే పైసలు కట్టాలె. ఓలేకు ముందున్న మొరీన్యోను, ఆయన స్టాఫ్‌ను పంపెతందుకే 1 కోటి 96 లక్షల పౌండ్లాయె. మన రూపాయలల్ల 170 కోట్ల పైన. అంతకుముందు మేనేజర్ మోయెస్‌కు ఆరేండ్లు రాసిచ్చి పది నెలలకు పంపిండ్రు. వాన్ గాల్ ఎఫ్‌ఏ కప్పు గెలిచిన రెండో రోజు పోయిండు. మేనేజర్లు మారుతుండ్రు, రాసిచ్చే చెయ్యి మారుతలేదు. ఆ చేతిని అడుగుతవా? అడగవు. టీవీల కనబడే మనిషినే తిడ్తవు.

యాదగిరి: నువ్వు మాత్రం ఇందాక రోహిత్‌ను తిట్టలేదా! మొదటి బంతికే అవుటాయె, వీన్ని తీసెయ్యాలె అన్నవు. ఒక్క బంతికి!

స్వరూప: అది... షాహీన్ బంతి లోపటికి వచ్చింది. కాలు అడ్డం పెట్టుడేంది?

యాదగిరి: ఆహా! రోహిత్‌కు ఒక్క బంతి, ఓలేకు కారణాలు, కమిటీలు, 1952!

స్వరూప: సరే, చెరో పాయింటు. కానీ గిన్నెల పంచాయితీ తెంపుదం. ఐదో గోల్ ఎట్ల పడ్డది?

యాదగిరి: సలా కొట్టిండు. హ్యాట్రిక్.

స్వరూప: ఎవరు కొట్టిండ్రని అడగలే. ఎట్ల పడ్డది?

యాదగిరి: ...గట్టిగ కొట్టిండు. కాలుతోని.

స్వరూప: హెండర్సన్ కాలు బయటి అంచుతోని బాల్ ఇచ్చిండు, 50వ నిమిషంల. నీ ఫోన్ ఈ సోఫా మీదనే ఉండె, నేను క్రికెట్ సూసుకుంట అది గూడ సూసిన. పోగ్బా హాఫ్‌టైంల దిగి, 60వ నిమిషంల రెడ్ కార్డు తీసుకొని పోయిండు, పావుగంట డ్యూటీ. అది గూడ నువ్వు సూడలే. హాఫ్‌టైంకు 0–4 కాంగనే ట్యాంకు నిండిందా సూస్తనని మేడెక్కినవ్.

యాదగిరి: ట్యాంకు నిజంగనే సూసిన!

స్వరూప: ముప్పావుగంట సూసినవా? నేను మాత్రం ఆఖరి రన్ దాక కూసున్న. ఆట నడుమల గ్రౌండ్ ఇడిసిపోతే ఏమంటరు?

యాదగిరి: (చాలాసేపు మాట్లాడలేదు) ...వాకోవర్.

స్వరూప: 3–0 కింద రాసుకుంట. స్క్రబ్బర్ కుళాయి పక్కకుంది. కుక్కర్ గాస్కెట్ తీసి కడుగు, మసాలా అంత దాంట్లనే ఉంటది.

(యాదగిరి లేచాడు. చాప మీది నుంచి ప్లేట్లు తీశాడు. ఫ్రెడ్‌ను, మెక్‌టొమినేను ఒకదాంట్లో ఒకటి పెట్టి పట్టుకున్నాడు. సింక్ దగ్గర నుంచి అరిచాడు.)

యాదగిరి: వచ్చే శనివారం రాత్రి పదింటికి టాటెన్‌హమ్‌తోని ఉంది. ఈసారి వెనుక ముగ్గుర్ని పెట్టి ఆడుమను, సూడు మల్ల!

స్వరూప: మళ్ల పందెమా?

యాదగిరి: పందెమే. ఆదివారం మీది న్యూజిలాండ్‌తోని గదా?

స్వరూప: న్యూజిలాండే గదా. ఇండియా కప్పు ఇగ ఆడికెళ్లి లేస్తది.

యాదగిరి: టీ20 వరల్డ్ కప్‌ల వాళ్ల మీద ఎప్పుడన్న గెలిచినమా?

స్వరూప: ...

యాదగిరి: 2007ల జొహన్నెస్‌బర్గ్‌ల ఓడినం. 2016ల నాగ్‌పూర్‌ల 79కే ఆలౌట్. రెండాడితే రెండు పాయె.

స్వరూప: నీళ్లు మెల్లగ ఇడువు, చొక్కా తడుస్తది.