నూటికొక్కడు

కౌరవులు వందమంది. వాళ్ళలో ముగ్గురి పేర్లు చెప్పమని ఎవరినైనా అడిగి చూడండి. దుర్యోధనుడు, దుశ్శాసనుడు అని ఠక్కున అంటారు, తర్వాత తడుముకుంటారు. మూడో పేరు వికర్ణుడు. నిండు సభలోకి ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదంటూ నసిగాడు. విదురుడు మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు, కానీ ఆయన మాట వినడం ఎప్పుడో మానేశారు. అప్పుడు దుర్యోధనుడి సొంత తమ్ముడు లేచి, ఆమె అడిగినదానికి జవాబు చెప్పండి, ఆమెను గెలిచామనడం తప్పు అన్నాడు. కుర్రాడివి, నీకేం తెలుసు అని కర్ణుడు కసిరాడు. మిగతా తమ్ముళ్ళు గప్‌చుప్.

దేశదేశాల రాజకీయ వార్తలు చదువుతుంటే ఈ మధ్య నాకు వికర్ణుడే గుర్తొస్తున్నాడు. (ఎవరు కౌరవులు, ఎవరు పాండవులు అని నన్ను అడగొద్దు. ప్రతి పార్టీకీ సొంత కౌరవసభ ఒకటి ఉంటుంది.) రాజ్యాంగానికి కాపలా ఎవరంటే కోర్టులు, ఎన్నికల సంఘం, పత్రికలు, ప్రతిపక్షం అని బడిలో చదువుకున్నాం. తప్పేం కాదు. కానీ ఆ వరసలో ఎప్పుడూ రాయని పేరు ఒకటుంది. అధికార పార్టీలోనే కూర్చుని, తన నాయకుడితో ఇది మాత్రం కుదరదు అనగలిగినవాడు. ప్రతిపక్షం ఎంత గొంతు చించుకున్నా "వాళ్ళ పనే అది" అని కొట్టిపారేయొచ్చు. మనవాడే కాదంటే ఒక్క క్షణమైనా ఆగాలి. జనం రెండు శిబిరాలుగా చీలిపోయినప్పుడు మొదట బలయ్యేది ఈ మనవాడే. ఆ చీలిక అవతలి పార్టీ సంగతి తేల్చేలోపే సొంత పార్టీని లోపల్నుంచి తినేస్తుందని నా వాదన.

దక్షిణ కొరియా సంగతి చూడండి. 2024 డిసెంబర్ 3, రాత్రి పదిన్నర కావస్తోంది. అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ టీవీలో కనిపించి మార్షల్ లా ప్రకటించారు. రాజకీయ కార్యకలాపాలు బంద్, పత్రికలు, టీవీలు సైన్యం చెప్పుచేతల్లో. సైనికులు హెలికాప్టర్లలో పార్లమెంటు ఆవరణలో దిగారు. 67 ఏళ్ళ స్పీకర్ ఊ వోన్ షిక్ ప్రహరీ ఎక్కి లోపలికి దూకారు. ప్రతిపక్ష నేత లీ జే మ్యుంగ్ గోడ ఎక్కుతూనే ఫోన్లో లైవ్ పెట్టారు. లోపల సిబ్బంది చేతికందిన సామానంతా తలుపులకు అడ్డం పెట్టారు. రాత్రి ఒంటిగంటకు ఓటింగ్. హాజరైన 190 మందీ మార్షల్ లా ఎత్తేయాల్సిందేనన్నారు.

గోడ దూకిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. నా కళ్ళు మాత్రం ఆ 190లో ఒక 18 దగ్గర ఆగాయి. ఆ 18 మంది అధ్యక్షుడి పార్టీ వాళ్ళే. నిజానికి లెక్కకు వాళ్ళ అవసరం లేదు. 300 మంది సభలో 151 చాలు, ప్రతిపక్షానికి ఆ బలం ఎలాగూ ఉంది. అయినా వీళ్ళు వచ్చి కూర్చోవడంతో అది ప్రతిపక్షం ఓటు కాకుండా సభ ఓటు అయింది. పార్టీ అధ్యక్షుడు హాన్ డాంగ్ హూన్ కూడా ఇది తప్పు, అడ్డుకుంటాం అని ఆ రాత్రే చెప్పేశారు.

అభిశంసన దగ్గరికి వచ్చేసరికి లెక్కకూ వాళ్ళు కావాల్సి వచ్చింది. 200 ఓట్లు కావాలి, ప్రతిపక్షం చేతిలో ఉన్నవి 192. డిసెంబర్ 7న తీర్మానం పెడితే అధికార పార్టీలో ముగ్గురు తప్ప అందరూ ఓటేయకుండా ఉండిపోయారు. వారం తర్వాత మళ్ళీ పెట్టారు. ఈసారి 204 పడ్డాయి. అంటే సొంతవాళ్ళు కనీసం 12 మంది. అది రహస్య ఓటింగ్ అన్నది మర్చిపోకండి. చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేచేవో నాకు అనుమానమే.

మరి పార్టీ వాళ్ళకు దండలు వేసిందా? రెండు రోజుల్లో హాన్ డాంగ్ హూన్ పదవి వదులుకున్నారు. అభిశంసనకు అనుకూలమని బాహాటంగా చెప్పిన ఒక సభ్యుణ్ణి వెళ్ళిపొమ్మని సొంతవాళ్ళే ఒత్తిడి పెడితే, ఆరు నెలలు తిరక్కుండానే ఆయన అవతలి పార్టీలో చేరారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఎనిమిది మంది జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో యూన్‌ను పదవి నుంచి తీసేసింది. ఆ తర్వాతైనా పార్టీ కుదుటపడిందా అంటే అదీ లేదు. సభ్యుల ఓట్లతో గెలిచిన అభ్యర్థి కిమ్ మూన్ సూను మే 10 తెల్లవారుజామున పక్కకు తప్పించి, పెద్దలు ఇంకొకరిని తెచ్చి పెట్టారు. ఆ రోజు ముగిసేలోపే సభ్యులు ఓటేసి ఆ ఎత్తు చిత్తు చేశారు. 2022లో లీ జే మ్యుంగ్ మీద 0.73 శాతం తేడాతో గెలిచిన పార్టీ, జూన్ 3న అదే మనిషి చేతిలో 8 శాతానికి పైగా తేడాతో ఓడిపోయింది.

ప్రతిపక్షం అమాయకమని చెప్పడం లేదు. అంతకుముందు వాళ్ళూ అధికారుల మీద అభిశంసన వెనక అభిశంసన పెట్టి, బడ్జెట్‌కు కత్తెర వేసి ప్రభుత్వానికి ఊపిరాడనివ్వలేదు. కానీ దానికి మందు హెలికాప్టర్లలో సైనికులు కాదు.

అమెరికాలో ఇదే కథ చాలా ఏళ్ళుగా, నెమ్మదిగా నడిచింది. 1974 ఆగస్టు 7న వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు నిక్సన్ దగ్గరికి వెళ్ళి, అభిశంసన తప్పించుకోడానికి ఇక సభలో మీకు ఓట్లు లేవని ముఖం మీద చెప్పిన ముగ్గురూ రిపబ్లికన్లే. బ్యారీ గోల్డ్‌వాటర్, హ్యూ స్కాట్, జాన్ రోడ్స్. మర్నాడు నిక్సన్ రాజీనామా ప్రకటించారు. ఇప్పుడు 2021కి రండి. కాపిటల్, అంటే అమెరికా పార్లమెంటు భవనం మీద దాడి జరిగిన వారానికి ట్రంప్ అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో 10 మంది. రెండేళ్ళకు సభలో మిగిలింది ఇద్దరు. నలుగురు మళ్ళీ పోటీకే దిగలేదు. నలుగురిని ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికల్లో, సొంత పార్టీ ఓటర్లే ఇంటికి పంపారు.

ఆ ప్రైమరీల్లోనే ఉంది కిటుకంతా. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. నవంబర్‌లో ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. అసలు పోటీ ప్రైమరీలో. దానికి వచ్చేది కొద్దిమంది, వాళ్ళలో బాగా వేడి మీద ఉన్నవాళ్ళే ఎక్కువ. ఇక ఆ సభ్యుడికి అవతలి పార్టీ అంటే భయం దేనికి? తన వెనక కూర్చున్నవాళ్ళంటేనే టెన్షన్. రాజీ పడ్డాడన్న పేరు ఒక్కసారి వస్తే చాలు, వచ్చే ప్రైమరీలో ఇంకాస్త గట్టిగా అరిచేవాడు తయారు.

సుప్రీంకోర్టు జడ్జీలకు సెనేట్‌లో పడిన ఓట్లు వరసగా పెట్టుకుని చూడండి. 1986లో స్కేలియాకు 98-0. 1993లో గిన్స్‌బర్గ్‌కు 96-3. ఆ ఇద్దరి భావాలూ ఉప్పూ నిప్పూ, అయినా రెండు పార్టీల వాళ్ళూ ఓటేశారు. 2020లో బారెట్‌కు 52-48. 2022లో జాక్సన్‌కు 53-47. ఈ మధ్యలో జరిగింది ఏమిటంటే, 2013లో డెమొక్రాట్లు కింది కోర్టుల నియామకాలకు ఉన్న 60 ఓట్ల అడ్డుకట్ట తీసేశారు. 2016లో రిపబ్లికన్లు ఒబామా ప్రతిపాదించిన గార్లండ్‌ను విచారణకు కూడా పిలవలేదు. 2017లో ఆ అడ్డుకట్ట సుప్రీంకోర్టు నియామకాలకూ పోయింది. మొదలుపెట్టింది ఎవరని అడిగితే ఇద్దరూ ఎదుటివాడినే చూపిస్తారు, ఇద్దరి దగ్గరా తారీఖులు రెడీగా ఉంటాయి. నాకు కనిపించేది మాత్రం ఒకటే. 60 ఓట్లు కావాలంటే అవతలి వైపు నుంచి కొందరిని ఒప్పించాలి, వాళ్ళు ఒప్పుకునే మనిషిని వెతకాలి. 51 చాలంటే ఆ అవసరమే లేదు. కోర్టు గోడకు ఇటుక కూడా కదలలేదు, కానీ జడ్జి పేరు వినగానే ఏ పార్టీ జడ్జి అని అడగడం జనానికి అలవాటైపోయింది.

పార్టీ నిలకడ ఏమవుతుందో చూడాలంటే అమెరికా ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నాయకుడు కెవిన్ మెకార్తీ కథ చాలు. 2023 జనవరిలో 15 రౌండ్లు ఓటింగ్ జరిగితే గానీ స్పీకర్ కాలేకపోయారు. ఒక్క సభ్యుడు అడిగినా తన పదవి మీద ఓటింగ్ పెట్టొచ్చని ఒప్పుకుని మరీ కుర్చీ ఎక్కారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. సెప్టెంబర్ 30న ప్రభుత్వం మూతపడకుండా తాత్కాలిక బిల్లు పాస్ చేయించారు. దానికి సొంతవాళ్ళకంటే డెమొక్రాట్ల ఓట్లే ఎక్కువ పడ్డాయి. మూడో రోజున 216-210తో పదవి ఊడింది. ఎనిమిది మంది రిపబ్లికన్లు, వాళ్ళతో కలిసి డెమొక్రాట్లు. అమెరికా చరిత్రలో ఓటేసి దింపిన మొదటి స్పీకర్ ఆయనే. తర్వాత 22 రోజులు ఆ కుర్చీ ఖాళీ.

ఆ ఎనిమిది మందీ నాయకుణ్ణి కాదన్నవాళ్ళే కదా, మరి వాళ్ళు వికర్ణులు కారా అని మీరు అడగొచ్చు. కారు. నాయకుడు హద్దు దాటుతుంటే ఆపడం వేరు, అవతలివాళ్ళతో కలిసి పని నడిపించినందుకు శిక్షించడం వేరు. ఈ రెండో రకానికి ఎప్పుడూ చప్పట్లు దొరుకుతాయి.

సొంతవాళ్ళను తరిమేస్తే నష్టం వెంటనే కనిపించదు. అదే ఇందులో మోసం. 2019 సెప్టెంబర్‌లో బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చే గొడవలో బ్రిటన్ ప్రధాని, కన్జర్వేటివ్ పార్టీ నేత బోరిస్ జాన్సన్ ఒకే దెబ్బకు 21 మంది సొంత ఎంపీలను పార్టీ బయట నిలబెట్టారు. అందులో మాజీ ఆర్థిక మంత్రులు ఇద్దరు, చర్చిల్ మనవడు ఒకరు. డిసెంబర్‌లో 80 సీట్ల మెజారిటీతో గెలిచారు. చూశారా, గట్టిగా ఉంటేనే గెలుపు అన్నారు అందరూ. తర్వాత 2022 ఒక్క ఏడాదిలోనే ముగ్గురు ప్రధానులు. 2024లో 121 సీట్లు, ఆ పార్టీ చరిత్రలోనే అతి తక్కువ. ఆ ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి, అన్నీ ఆ 21 మంది ఖాతాలో వేయను. కానీ తర్వాతి గందరగోళంలో "ఆగండి" అని చెప్పే బరువున్న మనుషుల్లో చాలామంది అప్పటికే బయట ఉన్నారు.

ఇక మన భారత రాజ్యాంగంలో అయితే వికర్ణుడికి శిక్ష రాసే ఉంది. 1985లో వచ్చిన పదో షెడ్యూల్, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టం. 1967లో హర్యానాలో మొదలైన ఆయారాం గయారాంల బాగోతం చూశాక అలాంటి చట్టం కావాలనుకోవడం సహజమే. కానీ అందులో విప్‌కు, అంటే ఇలా ఓటేయమన్న పార్టీ ఆదేశానికి ఎదురు ఓటేసినా పదవి పోతుంది, అమ్ముడుపోయి వేసినా, మనస్సాక్షితో వేసినా. అదే మూడింట రెండొంతుల మంది మూకుమ్మడిగా గోడ దూకితే దానికి విలీనం అని పేరు, ఏ శిక్షా లేదు. నూటికి ఒక్కడు లేచి తప్పంటే దోషి, అరవై ఏడు మంది కలిసి వెళ్ళిపోతే చట్టబద్ధం! నా మట్టుకు నాకు విప్ ప్రభుత్వం పడిపోయే ఓటింగులకూ, బడ్జెట్‌కూ మాత్రమే ఉండాలి, మిగతా బిల్లుల్లో ఉండకూడదనిపిస్తుంది. అప్పుడు బేరసారాలు పెరుగుతాయంటారా? కొంత పెరుగుతాయి. ఇప్పుడు తగ్గాయా?

అవతలివాళ్ళు నిజంగానే ప్రమాదకరమైతే ఇంట్లో కీచులాటలు దేనికి అనేవాళ్ళున్నారు. నేనూ ఒకప్పుడు అన్నాను. రెండు వైపులా ఎప్పుడూ సమానంగానే తప్పు చేస్తాయని నేను నమ్మను. కానీ మంట ఎంత నిజమైనదైనా కోపంతో తీసుకున్న నిర్ణయం ఎటు పోతుందో వెనెజులా ప్రతిపక్షాన్ని అడగాలి. 2005లో ఎన్నికలు న్యాయంగా జరగవని పార్లమెంటు ఎన్నికలనే బహిష్కరించారు. అధ్యక్షుడు చావెజ్ వర్గానికి సభ మొత్తం అప్పనంగా దక్కింది. ఆ రోజు బహిష్కరణ వద్దన్నవాణ్ణి సొంతవాళ్ళే ఏమని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఊహించడం ఎందుకు, నేనే చూశాను. ఎన్నికల రోజుల్లో ఒకే పార్టీని అభిమానించేవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఒక రాత్రి ఎవరో అవతలి నాయకుడి మీద వీడియో పంపారు. నిమిషాల్లో దండాలు, నిప్పుల బొమ్మలు. ఒక పెద్దాయన, మా అందరికంటే ఎక్కువ ఏళ్ళుగా ఆ పార్టీకి ఓటేస్తున్న మనిషి, "ఇది ఐదేళ్ళ నాటి వీడియో. మాట మధ్యలో కత్తిరించారు. మనకిది అవసరమా?" అని రాశారు. ఎవరూ వీడియో గురించి మాట్లాడలేదు. మీరు అటువైపు వెళ్ళిపోయారా అంకుల్ అని ఒకరు. ఇలాంటివాళ్ళ వల్లే ఓడిపోతున్నాం అని ఇంకొకరు. పావుగంటలో ఆయన పేరు పక్కన గ్రూపు నుంచి తొలగించారన్న గీత పడింది. అంతా చదువుతూనే ఉన్నాను. రెండుసార్లు ఏదో టైప్ చేసి చెరిపేశాను.

మర్నాడు పొద్దున ఆయనకు విడిగా మెసేజ్ పెట్టాను. మీరన్నది నిజమేనండీ, నేనూ ఆ పాత వీడియో చూశాను అని. నాలాగే ఇంకో ముగ్గురు పెట్టారట. ఆయన నుంచి సాయంత్రానికి జవాబు వచ్చింది.

"థాంక్స్ అబ్బాయ్. ఆ ముక్క అక్కడే రాయకపోయావా?"