గోదావరి స్పెషల్ మెనూ కార్డు గారికి

మహారాజశ్రీ మెనూ కార్డు గారికి,

నిన్న రాత్రి 4వ నంబరు టేబుల్ దగ్గర మిమ్మల్ని చదివినవాణ్ణి నేనే. తాటాకులా కత్తిరించి, చివర ఎర్రదారం కట్టిన మిమ్మల్ని చూసి ఎవరిదో శుభలేఖ అనుకుని మా నాన్నగారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయనది రాజోలు. సంక్రాంతికి ఊరెళ్లడం కుదరలేదని, హైదరాబాద్‌లోనే గోదావరి చూపిద్దామని తీసుకొచ్చాను. తలకి 1,499, జీఎస్టీ అదనం.

ఎలాస్టిక్ పంచెలు కట్టినవాళ్లు "ఆయ్, రండి" అంటూనే మినరల్ వాటర్ బిల్లులో వేయడం గురించి మాట్లాడను. చికెన్‌ని స్టీలు గిన్నెలో తెచ్చి, బొంగుని పక్కన షోకి నిలబెట్టారు, పోనీలెండి.

కానీ పులస. జనవరిలో పులస!

అయ్యా, గోదావరికి ఎర్రనీరు వచ్చాక, వానాకాలంలో, సముద్రంలోంచి ఏటికి ఎదురీది ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుందది. పుస్తెలమ్మైనా తినాలన్నది ఆ చేపనే. మరి భోగిమంటల వేళ మీ పులస ఏ ఏరు ఎదురీదింది? మూసీయా?

నాన్నగారు ముక్క విరిచారు. వేళ్లతో తడిమారు. మళ్లీ తడిమారు. "ఒరే, దీనికి ముళ్లేవిరా?"

పులసంటేనే ముళ్లు కదండీ. చిన్నప్పుడు మాకు ఏరి పెట్టడానికి నాయనమ్మ కంచం ముందు గంటసేపు కూర్చునేది. ఇక్కడేమో మధ్యలో దువ్వెనలా ఒక్కటే ముల్లు. పులుసులో బెండకాయ లేదు, ఆవకాయ నూనె వాసన లేదు, పైన పుదీనా రెమ్మ మాత్రం ఉంది. మేనేజర్ని పిలిస్తే, "ముళ్లు తక్కువుండే వెరైటీ సర్, ప్రీమియం" అన్నాడు.

ప్రీమియమా! చెరువు చేపకి పులసని పేరు పెట్టి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేపలు తిన్న మనిషికి వడ్డిస్తారా? "ఇది సీజన్ కాదు, పులస లేదు" అని ఒక్క ముక్క రాస్తే మీ తాటాకు చిరిగిపోయేదా? రొయ్యలు పెట్టినా, కొరమీను పెట్టినా మారు మాట్లాడకుండా తినేవారు. ఇంటికెళ్లేదాకా కారులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. లిఫ్ట్‌లో మాత్రం, "ఆ ముద్దపప్పు బాగుందిరా" అన్నారు.

నిజమే, బాగుంది. రెండోసారి అడిగి వేయించుకున్నాం. వెతికి చూశాను, మీ మీద ఎక్కడా దాని పేరు లేదు.

ఇట్లు,
4వ నంబరు టేబుల్